ద్రాక్షలు చూసేవాడు

ప్రిడ్‌మోర్ గారి ఇంటికి సున్నం వేయమన్నప్పుడు, ఎవరి కోసం అని ఏమస్ అడగలేదు. అడిగి ఉండాల్సిందని తరువాత హెస్టర్ అంది గానీ, ఆ మంగళవారం నాడు ఆమె కూడా అడగలేదు. తప్పు ఇద్దరూ చేశారు, ఇష్టంగానే చేశారు.

ప్రిడ్‌మోర్ రావెన్‌బీ హాల్ అనే దొరగారి భవంతి తోటకి పెద్ద. మోకాళ్ళు అరిగిపోయి, ఇక సముద్రం ఒడ్డున కూతురి దగ్గర కూర్చుని కాలం గడుపుతానని దొరగారికి చెప్పేశాడు. సామానంతా ముందే పంపించేసి, పూలూ పళ్ళ పోటీ అయ్యేదాకా తను మాత్రం హాల్‌లో ఒక గదిలో ఉంటున్నాడు. కుండీల పాకలో ఏమస్‌ని ఆపి, చేతికర్రతో తన ఖాళీ ఇంటివైపు చూపించాడు.

"ఆ గోడలకి సున్నం పడాలయ్యా. పొయ్యి గొట్టం కూడా దులపాలి. కుర్రాళ్ళ చేతిలో పెట్టకు, నీ చేత్తో నువ్వే చెయ్యి."

"అలాగేనండీ" అన్నాడు ఏమస్. అంతకుమించి ఏమన్నా అంటే ఆశపడుతున్నట్టు కనిపిస్తానని భయం.

ఆశపడకుండా ఎలా ఉంటాడు? నలభై దాటాయి. ప్రిడ్‌మోర్ తరువాత తోటలో తనే. కూరమళ్ళ నుంచి, ద్రాక్షతీగలు వెచ్చగా పెంచే గాజిళ్ళ దాకా ఎవడికి ఏ పని చెప్పాలో తెల్లారేసరికి చెప్పేది తనే. అయినా ఇన్నేళ్ళుగా అతని నివాసం ఉత్తరపు గోడ వెనకనున్న బసలోనే, పెళ్ళికాని తోటవాళ్ళ మధ్య, వరసగా వేసిన ఇనప మంచాల్లో ఒకటి. పెళ్ళి చేసుకున్నవాడికి బసలో చోటు లేదు, చోటు లేనివాడికి పనీ లేదు. తోట మొత్తానికి పెళ్ళాంతో కాపురం ఉండే వీలున్న ఇల్లు ఒక్కటే. దానికే ఇప్పుడు సున్నం కలుపుతున్నాడు.

హెస్టర్ వీలన్ హాల్‌లో బట్టలుతికి ఇస్త్రీ చేసే మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ చెరువు చుట్టూ నడుస్తూ ఉండగా చూసి చూసి, అక్కడి బాతులకి కూడా విసుగెత్తి ఉంటుంది. అడిగితే ఇద్దరి దగ్గరా ఒకటే జవాబు: ప్రిడ్‌మోర్ గారు దిగిపోనీ.

సాయంత్రం పని ముగించుకుని, పైకోటు తల మీద కప్పుకుని, వానలో పరుగెత్తుకుంటూ వచ్చింది హెస్టర్. ఆ ఏడు వేసవి మొత్తం వానే. గడ్డి కుళ్ళింది, గులాబీలు మొగ్గలోనే బూజు పట్టాయి. గుమ్మంలో నిలబడి పాదాలు తుడుచుకుంటూ లోపలికి తొంగి చూసింది.

"తెల్లగా ఉంది."

"ఇంకా తడిగా ఉంది. ఆరితే ఇంకా తెల్లబడుతుంది."

"ఈ వానలో ఆరినట్టే" అని నవ్వుతూ లోపలికి వచ్చింది. ఖాళీ గదిలో ఆమె చెప్పుల చప్పుడు పెద్దగా వినిపించింది. గది మధ్యలో నిలబడి, చేతులు చాచి, గోడకీ గోడకీ మధ్య కొలత చూసుకుంది. "బల్ల కిటికీ కింద వేద్దాం. నువ్వు తింటూ తోట చూసుకోవచ్చు. లేకపోతే ముద్ద దిగదుగా నీకు."

"మరి నువ్వు?"

"నేను పొయ్యి వైపు. ఇన్నేళ్ళూ ఇస్త్రీ పెట్టెల వేడికి అలవాటైన ఒళ్ళు ఇది, చలికి ఆగదు." ఇనప పొయ్యి ముందు వంగి, దాని తలుపు తెరిచి, లోపల చెయ్యి పెట్టి మసి తీసి చూసింది. చేతి వెనక పక్క పాత కాలిన మచ్చలు మసిలో కలిసిపోయాయి. "దీన్ని రుద్దాలంటే నా తలప్రాణం తోకకొస్తుంది. ఆ ప్రిడ్‌మోరమ్మ పోయాక దీని మొహం ఎవరూ చూసినట్టు లేదు."

"శనివారం రుద్దుదువుగానిలే. ముందు పోటీ కానీ."

"నీ పోటీ నీది." కుంచె అతని చేతిలోంచి తీసుకుని, అతను వదిలేసిన మూల మీద రెండుసార్లు పులిమింది. "మెడ ఎలా ఉంది?"

"ఉంది."

ఏమస్ మెడ ఎప్పుడూ కొంచెం వెనక్కి వంగే ఉంటుంది. వేసవి మొదట్లో ద్రాక్ష గుత్తుల్లో కాయలు పలచన చేయాలి. నిచ్చెన మీద తల వెనక్కి వాల్చి, సన్న కత్తెరతో, పొల్లు కాయలన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తే మిగిలినవి పెరుగుతాయి. చేత్తో తాకకూడదు. చిన్న కొమ్మ పుల్లతో గుత్తిని పక్కకి ఒత్తిపట్టుకోవాలి. తలకి టోపీ ఉండాలి, వెంట్రుక తగిలినా పండు మీది తెల్లటి పొడి రాలి మచ్చ పడుతుంది. ఆ పొడి పోయిన ద్రాక్షని పోటీలో ఎవరూ చూడరు. రుచి అదేగా అని హెస్టర్ ఒకసారి అడిగింది. రుచి సంగతి తనకి తెలియదన్నాడు. నిజంగానే తెలియదు, అవి దొరగారి బల్ల మీదికి పోయే పళ్ళు.

హెస్టర్ చేత్తో అతని మెడ వెనక కాసేపు ఒత్తింది. సున్నం ఆమె వేళ్ళకంటింది. బయట బసలోని కుర్రాడొకడు కిటికీ పక్కగా పోతూ, "ఏమండీ పెద్దాయనగారూ, ఇంట్లోకి ఎప్పుడు దిగుతున్నారండీ!" అని అరిచి పరుగెత్తాడు. ఏమస్ కోపంగా చూడబోయి చూడలేకపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి, సంతోషానికే.

*

పోటీ గురువారం, పక్క ఊరి మైదానంలో. తెల్లవారకముందే ఏమస్ నల్లద్రాక్ష గుత్తులు కోశాడు. గుత్తి ఒక్కటే కాక, పట్టుకోవడానికి పిడిలాగా రెండు పక్కలా కొమ్మ ముక్క ఉండేలా కోయాలి. ఆ కొమ్మనే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తెల్ల కాగితం అతికించిన ఏటవాలు చెక్క మీద పడుకోబెట్టి, వెనకనుంచి నారతో కట్టాడు. బండిలో చెక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా ప్రతి గుంతకీ అతని ఒళ్ళే ఊగింది గానీ చెక్క ఊగలేదు.

డేరాలో తొక్కిన తడి గడ్డి వాసన, ఉల్లిపాయల వాసన, పూల వాసన కలిసి తల బరువెక్కిస్తున్నాయి. బల్లల మీద పేర్ల అట్టలు పెట్టారు. నల్లద్రాక్షల ముందున్న అట్ట మీద పెద్దక్షరాలతో "సర్ హ్యూబర్ట్, రావెన్‌బీ హాల్" అనీ, దాని కింద చిన్నక్షరాలతో "తోట పెద్ద: ప్రిడ్‌మోర్" అనీ ఉంది. ప్రతి ఏడూ ఇలాగే ఉంటుంది. ఏడాది పొడవునా నిచ్చెన ఎక్కినవాడి పేరు ఉండే ఆచారం ఎక్కడా లేదు, ఏమస్‌కి ఆ ఆలోచన కూడా ఎన్నడూ రాలేదు. కానీ ఈసారి ఆ చిన్నక్షరాల వంక చూస్తూ, వచ్చే ఏడాది అక్కడ ఏముంటుందో ఊహించుకున్నాడు. ఊహించుకుని, ఎవరైనా చూశారేమోనని పక్కలకి చూశాడు.

హెస్టర్ మిగతా ఇంటి పనివాళ్ళతో కలిసి మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి మొదటి బహుమతి ఎర్ర అట్ట గుత్తుల పక్కన చేరింది.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఆ చెప్పడమేమిటి, పన్ను పీకించుకున్నవాడిలా. నవ్వవయ్యా కాస్త."

అతను నవ్వేలోపు దొరగారు డేరాలోకి వచ్చారు. వెనక కర్ర ఊతంగా ప్రిడ్‌మోర్, ఆ వెనక కొత్త మనిషి ఒకడు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో, మంచి కోటు, శుభ్రంగా గీసిన గడ్డం, తోటవాడి చేతులు. ఏమస్ టోపీ తీశాడు.

"శభాష్ గార్‌సైడ్!" అన్నారు సర్ హ్యూబర్ట్. ఇంటిపేరుతో పిలిచే దొరలకి ఏమస్ ఎప్పుడూ గార్‌సైడే. "మళ్ళీ మనదే. ప్రిడ్‌మోర్‌కి దీనికన్నా మంచి వీడ్కోలు ఏముంటుంది? ఇదిగో, ఇతను కాస్‌వెల్. సోమవారం నుంచి మన తోట పెద్ద. భార్యని కూడా తీసుకొస్తున్నాడు. ఇంటికి సున్నం అదీ నువ్వే దగ్గరుండి వేస్తున్నావటగా, చాలా సంతోషం."

ఏమస్ టోపీ చేతిలోనే ఉంది. దాన్ని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. "చిత్తమండీ" అన్నాడు. తన గొంతు మామూలుగానే ఉందేమిటా అని అతనికే ఆశ్చర్యమేసింది.

దొరగారు మంచివారు, అదే చిక్కు. వెళ్ళబోతూ ఆగి, భుజం మీద చెయ్యి వేశారు. "నీ పేరు అనుకోలేదని కాదయ్యా. అనుకున్నాం. కానీ నిన్ను అక్కణ్ణుంచి కదిలిస్తే ద్రాక్షలు ఎవరు చూస్తారు? తోట పెద్దలు దొరుకుతారు గార్‌సైడ్, నీలాంటి చెయ్యి దొరకదు."

ఆ మాట పొగడ్తగానే అన్నారు, చుట్టూ ఉన్నవాళ్ళు పొగడ్తగానే విన్నారు. ఒకరిద్దరు ఏమస్‌ వంక మెచ్చుకోలుగా చూశారు కూడా. ప్రిడ్‌మోర్ మాత్రం కర్ర చివర నేలలోకి గుచ్చి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళు ముందుకి కదిలాక హెస్టర్ అతని పక్కకి వచ్చింది. ఆమె మొహం ఉతికి పిండిన గుడ్డలా పాలిపోయింది. అతనికి ఒక్కసారిగా కూర్చోవాలనిపించింది, కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. "బండికి తాళ్ళు చూసుకోవాలి" అని గొణిగి బయటికి పోయాడు.

తిరిగి వచ్చేసరికి హెస్టర్ ద్రాక్షల బల్ల దగ్గర ఒక పొట్టి మనిషితో మాట్లాడుతోంది. ఆయన పళ్ళకి మార్కులు వేసినవాళ్ళలో ఒకడు, పేరు బ్రుక్‌షా, షెఫీల్డ్ ఊరి పార్కుల మీద పెద్ద. ఏమస్‌ని పైనుంచి కిందికి చూశాడు.

"వీటిని పెంచింది నువ్వా?"

"ప్రిడ్‌మోర్ గారి తోటండీ అది—"

"ఇతనే" అంది హెస్టర్ మధ్యలో అడ్డొచ్చి.

"నిన్నే అడుగుతున్నా. ఈ అమ్మాయి చెప్పడం నేను విన్నాను, నువ్వు చెప్పడం వినాలి."

"నేనేనండీ" అన్నాడు ఏమస్. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

"మంచిది. నా దగ్గర ద్రాక్షలు లేవు. బంతిపూలు, జెరేనియం పూలు, మసి పట్టిన చెట్లు, గడ్డి తొక్కే పిల్లలు ఉన్నారు. అందం చందం ఏమీ లేదు. పెళ్ళైనవాడికి పార్కు పక్కనే ఇల్లిస్తాం. మనిషి నాకు సోమవారానికి కావాలి. వస్తే రా, రాకపోతే నాకింకొకడున్నాడు." ఆయన జవాబు కోసం ఆగలేదు, ఉల్లిపాయల బల్ల వైపు వెళ్ళిపోయాడు.

*

శనివారం హెస్టర్ అనుకున్నట్టే వచ్చి పొయ్యి రుద్దింది. ఎందుకు రుద్దుతున్నావని ఏమస్ అడిగాడు.

"మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసిందని ఆ కాస్‌వెలమ్మ అనుకోవడం నాకిష్టం లేదు." చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో నల్లరంగు పూస్తూ, బ్రష్‌తో మెరుగు పెడుతూ, ఊపిరి మధ్య మధ్యలో మాట్లాడుతోంది. "ఆమెకేం తెలుసు పాపం. వచ్చి చూసి, మెరుస్తోంది అనుకుంటుంది. అనుకోనీ."

ఏమస్ కిటికీ చట్రానికి ఆఖరి పూత వేస్తున్నాడు. గోడలు ఆరాయి. నిజంగానే ఇంకా తెల్లబడ్డాయి. కిటికీ కింద బల్ల ఎక్కడుండాలో అక్కడ ఖాళీ నేల.

"నేను దొరసానికి చెప్పేశాను" అంది హెస్టర్.

"ఏమని?"

"సోమవారం వెళ్ళిపోతున్నానని. షెఫీల్డ్‌లో మా పిన్ని కూతురుంది. ఆసుపత్రి బట్టలుతికే చోట పని చేస్తోంది, అక్కడ చేతులు చాలట్లేదట. దుప్పట్లు ఎక్కడైనా దుప్పట్లే."

ఏమస్ కుంచె ఆపాడు.

"అట్లా చూడకు. నీ కోసం వెళ్ళట్లేదు, నిన్ను వదిలీ వెళ్ళట్లేదు. ఇక్కడ ఇంక ఉండలేక వెళుతున్నాను. మొన్న డేరాలో ఆయన నీ భుజం మీద చెయ్యి వేసినప్పుడు, ఆ చేతిని తీసి అవతల పారేయాలనిపించింది. అలాంటి పని చేసేలోపు నేను పోవాలి."

"దొరగారు చెడ్డగా అనలేదు."

"చెడ్డగా అంటే నువ్వు ఏడేళ్ళ కిందటే వెళ్ళిపోయేవాడివి!" బ్రష్ నేలకేసి కొట్టింది. తరువాత గొంతు తగ్గించింది. "చూడు ఏమస్. నేను ముసలిదాన్ని కావట్లేదని నువ్వనుకుంటున్నావేమో. అద్దంలో నేను రోజూ చూస్తున్నాను. నాకు పెద్ద ఇల్లక్కర్లేదు, తెల్లగోడలక్కర్లేదు. పొద్దున లేచేసరికి నువ్వు పక్కన ఉండాలి, అంతే. దానికి ఒకాయన మోకాళ్ళు అరిగేదాకా కాచుకున్నాం. ఇంకొకాయన మోకాళ్ళు అరిగేదాకా నేను కాచుకోను. ఈ కాస్‌వెల్ మోకాళ్ళు చూశావా? గుర్రంలా ఉన్నాడు."

ఏమస్‌కి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. హెస్టర్ చూసి, తనూ నవ్వి, నల్ల చేత్తో మొహం తుడుచుకోబోయి ఆగింది.

"కాస్‌వెల్ సామాను తెచ్చే బండి సోమవారం పొద్దున వస్తుంది. దింపుకుని స్టేషన్‌కి ఖాళీగా పోతుంది. అందులో నేను వెళుతున్నాను. బ్రుక్‌షా గారి మాట నీకు గుర్తుందిగా. వస్తావా?"

"మస్కట్లు సగమే పండాయి" అన్నాడు ఏమస్. పెద్ద గాజింట్లో ఆలస్యంగా పండే తెల్లద్రాక్ష అది, అన్నిటికన్నా మొండిది. "ఈ వానల్లో బూజు పట్టకుండా చూడాలంటే రోజూ... ఇప్పుడు నేను కదిలితే వాటిని ఎవరు—"

మాట మధ్యలో ఆగిపోయింది. హెస్టర్ అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది, అంతే. తన నోట్లోంచి దొరగారి మాట రావడం ఏమస్ తన చెవులతో విన్నాడు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది.

"వస్తాను" అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా వస్తాను హెస్టర్."

ఆమె లేచి, చేతులు నడుముకి తుడుచుకుని, అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఎప్పుడూ చెరువు అవతలి ఒడ్డున, చెట్ల మధ్య తప్ప అలా చేసేది కాదు. ఇప్పుడు తలుపు బార్లా తీసి ఉంది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రిడ్‌మోర్‌తో చెప్పాడు. చర్చి గోడ పక్క బల్ల మీద కూర్చున్న ముసలాయన విని, కర్ర పిడి నిమిరాడు.

"నన్ను తిట్టుకుంటున్నావా?"

"లేదండీ."

"తిట్టుకో. దొరగారు నన్నడిగారు, ఏమస్‌ని పైకి తెస్తే ద్రాక్షల మీద ఎవరిని పెడతావని. ఆలోచించాను. ఒక్క పేరూ తోచలేదు. తోచలేదని చెప్పాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు, ఎవడో ఒకడి పేరు. నోరు రాలేదు." దగ్గి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "నేను నీ వయసుకి ఆరు తోటలు మారానయ్యా. ఒకచోటే కూర్చున్నవాణ్ణి ఆ తోట పెద్దని చెయ్యదు. నీకు ఆ మాట చెప్పాల్సింది. చెబితే నువ్వు పోతావు. పోతే నాకు దిక్కెవరు? అందుకని చెప్పలేదు."

కోపం రావాలని ఏమస్ ఎదురుచూశాడు. రాలేదు. ఒంట్లో అలసట తప్ప ఇంకేదీ లేదు, అది కూడా నిన్నటిది కాదు, ఎన్నో ఏళ్ళది.

"షెఫీల్డ్ ఎలాంటి ఊరండీ?"

"పొగ" అన్నాడు ప్రిడ్‌మోర్. "కానీ వెళ్ళు. ఆ పిల్ల మంచిది. కాస్‌వెల్‌కి నేను చెబుతాలే." అని, ఏమస్ లేవగానే, "రాత్రి వాన పడితే పొద్దున మస్కట్లు జాగ్రత్తని కూడా చెబుతాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఏమస్ పెట్టె సర్దుకున్నాడు. ఇన్నేళ్ళ బతుకూ పెట్టెలో సగానికి వచ్చింది. కత్తెర పెట్టాలా వద్దా అని ఆలోచించాడు. అది తోటది. గాజింట్లో మేకుకి తగిలించి వచ్చాడు.

*

రాత్రంతా వాన. తెల్లవారేసరికి మబ్బు విడిపోయి ఎండ వచ్చింది, వేసవి మొత్తంలో అలాంటి ఎండ లేదు. ఏమస్ మంచి కోటు వేసుకుని, పెట్టె బస గుమ్మంలో పెట్టి నిలబడ్డాడు. కాస్‌వెల్ బండి అప్పుడే లోపలికి వచ్చింది. ముందు ఒక బల్ల దింపారు, తరువాత పరుపులు. కాస్‌వెల్ భార్య, బొద్దుగా, నవ్వు మొహంతో, గుమ్మంలో నిలబడి ఎక్కడేది పెట్టాలో చెబుతోంది. హెస్టర్ బండివాడి పక్కన, తన పెట్టె మీద కూర్చుని ఉంది. ఏమస్‌ని చూసి చెయ్యి ఎత్తింది. అతనూ ఎత్తాడు. సామాను సగం కూడా దిగలేదు, ఇంకా చాలా టైముంది.

ఎండ గాజింటి పైకప్పు మీద పడుతోంది. రాత్రి చెమ్మంతా లోపలే ఉంటుంది. కాయ మీద తడి ఉండగా ఎండ కొడితే తోలు ఉడికి మచ్చపడుతుంది. కిటికీ కాస్త తెరిచి వస్తే చాలు. ఆ కాసేపటికి కొంపలేమీ అంటుకోవు. నడవలేనంత దూరం కూడా కాదు.

మస్కట్ల గాజింట్లోకి అడుగుపెట్టగానే వెచ్చటి తడి గాలి మొహానికి కొట్టింది. గోడకున్న ఇనప చక్రం పట్టి తిప్పాడు. పైన కప్పు కిటికీలన్నీ ఒక్కసారి మూలిగి, వేలెడంత సందు ఇచ్చాయి. ఒక్కసారిగా తెరవకూడదు, చలిగాలి కొడితే అదో తెగులు. కాస్త తెరిచి, చెమ్మ ఎగిరిపోయేదాకా ఆగి, ఇంకాస్త తెరవాలి. ఆగాడు. ఆగి ఊరుకోలేక నిచ్చెన ఎక్కి గుత్తులు చూశాడు. గుత్తుల పై భుజాల వైపు పసుపు రంగు మొదలైంది. ఒక గుత్తి తీగకి ఆనుకుంటోంది, గాలికి రాసుకుంటుంది. మేకుకున్న కత్తెర తీసుకుని, అడ్డమొచ్చిన ఆకు కోసి, నారతో గుత్తిని పక్కకి కట్టాడు. దాని పక్కన ఇంకొకటి ఉంది. దిగి, చక్రం ఇంకో అర చుట్టు తిప్పాడు. మళ్ళీ ఎక్కాడు. కోటు తీసి కొక్కేనికి తగిలించడం అతనికి గుర్తులేదు. మెడ తనంతట తనే వెనక్కి వాలింది.

బండి చక్రాలు కంకర మీద కదిలిన చప్పుడు అతను విన్నాడు. విన్నాడు, ముడి సగంలో ఉంది, ముడి వేశాడు.

దిగేసరికి తలుపు దగ్గర కాస్‌వెల్ నిలబడి ఉన్నాడు.

"అరె, నువ్వు ఇక్కడున్నావా! నువ్వు వెళ్ళిపోతున్నావని ప్రిడ్‌మోర్ గారు చెప్పారే. బండి ఇప్పుడే పోయిందయ్యా." వెనక్కి తిరిగి దారి వైపు చూశాడు. "నిన్ను పిలుచుకు రమ్మంటావా అని బండివాడు ఆ అమ్మాయిని అడిగాడు. వద్దంది."

"ఎందుకటండీ?"

"ఎందుకో చెప్పలేదు. కాసేపు ఈ గాజింటి వైపే చూస్తూ కూర్చుంది. కిటికీలు కదలడం అక్కణ్ణుంచి కనిపిస్తుందిగా. తరువాత పోనివ్వమంది."

హాల్ నుంచి పెద్ద గేటుకి బండి దారి చెరువు చుట్టూ తిరిగి పోతుంది. హాల్ ముందున్న పచ్చికకి అడ్డం పడి పరుగెత్తితే గేటు దగ్గర బండిని అందుకోవచ్చు. ఏమస్‌కి ఆ దారి తెలుసు. హెస్టర్‌కీ తెలుసు. అతని కాళ్ళు తలుపు దాకా వెళ్ళాయి. బయట ఎండ కళ్ళలో పొడిచింది, తడి గడ్డి మీద ఆవిరి లేస్తోంది. చాలా దూరంలో, చెట్ల మధ్య, బండి కప్పు ఒకసారి కనిపించి మలుపు తిరిగింది. పరుగెత్తడానికి కావలసిందేదో తనలో వెతికాడు. ఎంత వెతికినా దొరకలేదు. గుండెల్లో పెద్ద నొప్పి మాత్రం ఉంది, దాంతో పరుగెత్తలేం.

కాస్‌వెల్ లోపలికి వచ్చి, తలెత్తి గుత్తులు చూశాడు. అతని చూపు తెలిసినవాడి చూపు. తడి ఎక్కడుందో చూశాడు, గాలి ఎంతుందో చూశాడు, చక్రం దగ్గరికి వెళ్ళి, చేత్తో పట్టి, సరిగ్గా ఎంత తిప్పాలో అంతే తిప్పాడు. పైన కిటికీలు మూలిగి ఇంకాస్త తెరుచుకున్నాయి.

"దీనికోసమా ఆగిపోయావు?" అన్నాడు, జాలిగానే. "నేను తెరిచేవాణ్ణి కదయ్యా."

"అవునండీ" అన్నాడు ఏమస్.